కంచు బిళ్ళపై చిలుము: ఏది తీయాలి, ఏది ఉంచాలి

అమెరికా అంతర్యుద్ధం రెండో ఏడాదిలో పడిన 1862లో, ఉత్తరాది రాష్ట్రాల ప్రజలు ముందు బంగారాన్ని, ఆపైన వెండిని, చివరకు సెంటు నాణేలను సైతం బయటికి తీయకుండా దాచుకోవడంతో అంగళ్ళలో చిల్లర కరవైపోగా, ఆ లోటు పూడ్చుకోవడానికి వర్తకులు ప్రైవేటు అచ్చుపనివారి చేత లోహపు బిళ్ళలు కొట్టించి చలామణీలోకి వదిలారు. టోకెన్లుగా పేరుపడ్డ ఈ బిళ్ళల్లో కొన్నింటి మీద దుకాణం పేరూ ఊరూ ఉండేవి, మరికొన్నింటి మీద యూనియన్, అంటే ఉత్తరాది, పక్షాన దేశభక్తి నినాదాలు ఉండేవి. 1864లో ఆగిపోయేలోగా ఇవి కోట్ల సంఖ్యలో వెలువడ్డాయి. చాలావరకు సెంటు నాణెం పరిమాణంలోనే, అంటే దాదాపు 19 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉండే వీటిని రాగితో, ఇత్తడితో, కంచుతో చేసేవారు. తమ చేతికొచ్చిన బిళ్ళలో సెంటు విలువ చేసే లోహం లేదని తెలిసీ ప్రజలు దాన్ని నిరభ్యంతరంగా పుచ్చుకొంటున్నారని గమనించిన టంకశాల డైరెక్టర్ జేమ్స్ పొలాక్, 88 శాతం రాగి, 12 శాతం నికెల్ కలిసిన అప్పటి సెంటును విడిచిపెట్టి కంచుకు మారాలని సిఫారసు చేయగా, 1864 ఏప్రిల్ 22 నాటి చట్టం 95 శాతం రాగి, మిగిలిన 5 శాతంలో తగరం, తుత్తునాగం ఉండే కంచు సెంటును ప్రవేశపెట్టింది. అదే ఏడాది ఏప్రిల్, జూన్ నెలల్లో వచ్చిన చట్టాలు ప్రైవేటు బిళ్ళలను నిషేధించాయి గనుక, ప్రభుత్వం తాను అనుకరించిన నమూనానే నేరం కింద జమకట్టినట్లయింది.

నూటఅరవై ఏళ్ళకు పైగా మట్టిలో పడి ఉండి, పొలాల్లోనో పాత సైనిక శిబిరాల నేలలోనో లోహశోధక యంత్రాలకు దొరికే ఇలాంటి బిళ్ళ సాధారణంగా పచ్చని పొక్కుల గట్టి పెంకుగా బయటపడుతుంది. దాన్ని చూసిన వెంటనే తోమి మెరిపించాలనే కోరిక పుట్టడం సహజమే అయినా, ఆ కోరికకు లొంగితే ఏమి పోతుందో ముందు తెలుసుకోవడం అవసరం. దొంగనాణేలన్న ఆరోపణ తప్పించుకోవడానికి కొందరు తయారీదారులు ‘ఒక సెంటు’ అనే ఇంగ్లీషు అక్షరాలను పెద్దవిగా చెక్కి, వాటిపైన ‘కాదు’ అనే అర్థమిచ్చే మాటను కంటికి ఆననంత చిన్న అక్షరాలతో ఇరికించారు. అమెరికా జెండాను దించబోయినవారిని అక్కడికక్కడే కాల్చమన్న ఖజానా కార్యదర్శి జాన్ డిక్స్ ఆజ్ఞను ముద్రించిన బిళ్ళల్లో కొన్నింటి మీద ‘స్పాట్’ అన్న మాటలో ఒక ‘ఓ’ అక్షరం అదనంగా పడి ‘స్పూట్’ అయింది. నాణేల పరిశోధకులు ఒక అచ్చును మరొక అచ్చు నుంచి వేరుచేసేది ఇలాంటి చిన్న గుర్తులతోనే. అవి నేల మట్టానికి పైకి లేచి ఉండే ఎత్తు మిల్లీమీటరులో స్వల్ప భాగం మాత్రమే గనుక, ఆ ఎత్తు ఇప్పుడు లోహంలో ఉందా, చిలుములో ఉందా అన్నదే సంరక్షకుడు ముందుగా తేల్చుకోవలసిన విషయం.

ఆ విషయం తేలాలంటే కంచు మట్టిలో ఎలా మారుతుందో చూడాలి. తడి మట్టిలోని ప్రాణవాయువు రాగితో కలిసినప్పుడు లోహాన్ని అంటిపెట్టుకొని మొదట ఏర్పడేది క్యూప్రైట్ అనే ఎర్రని రాగి ఆక్సైడు పొర. ఈ పొర గుండా రాగి అయాన్లు, అనగా విద్యుదావేశం పొందిన రాగి పరమాణువులు, మెల్లగా బయటికి చేరి, వాన నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువుతో కలిసి మాలకైట్ అనే ఆకుపచ్చని కార్బొనేటుగా, అరుదుగా అజురైట్ అనే నీలి కార్బొనేటుగా పేరుకొంటాయి. పేరుకొంటున్నప్పుడే ఇసుక రేణువులనూ మట్టినీ తమలో ఇముడ్చుకొంటాయి. తగరం రాగిలాగా బయటికి వలస పోకుండా చాలావరకు ఉన్నచోటనే ఆక్సైడుగా నిలిచిపోతుంది. ఈ మార్పు నిదానంగా, సమంగా జరిగిన బిళ్ళల్లో అచ్చు దెబ్బ పడ్డనాటి ఉపరితలం లోహంతో పాటు నశించిపోదు. బయటి పచ్చని పెంకుకూ లోపలి ఎర్రని పొరకూ మధ్య సరిహద్దుగా, ఖనిజ రూపంలో మిగిలి ఉంటుంది. సంరక్షణ శాస్త్రంలో దీన్ని మూల ఉపరితలం అంటారు. అక్షరాలూ బొమ్మలూ అక్కడున్నప్పుడు, ఆమ్లంతో చిలుమునంతా కరిగించి ‘అసలు లోహం’ దాకా పోయినవారికి దొరికేది అసలు కాదు, అసలును మోసిన పొరలన్నీ పోయాక మిగిలిన గుంటలు పడ్డ రాగి బిళ్ళ మాత్రమే.

తెలుగు ఇళ్ళలో కంచు, ఇత్తడి, రాగి పాత్రలను చింతపండుతో, దానికి కాస్త ఉప్పు చేర్చి తోమే అలవాటు వెనుక ఉన్న రసాయనశాస్త్రం తప్పుపట్టదగినది కాదు: చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి ఆక్సైడునూ కార్బొనేటునూ కరిగిస్తుంది, ఉప్పులోని క్లోరైడు ఆ కరిగే వేగాన్ని పెంచుతుంది. రోజూ వాడే చెంబు విషయంలో ఆక్సైడు పొర మైల మాత్రమే గనుక అది పోవడమే కావలసింది. పాత బిళ్ళ విషయంలో అదే పని రెండు విధాల చేటు చేస్తుంది. ఒకటి, మూల ఉపరితలం కరిగిపోవడం. రెండోది, అంతకంటె ప్రమాదకరమైనది, లోహపు రంధ్రాల్లోకి క్లోరైడు చేరడం. అయితే మట్టిలో దొరికిన చాలా బిళ్ళల్లో ఈ రెండో పనిని ఎవరూ ప్రత్యేకంగా చేయనక్కరలేదు, నేలే చేసి ఉంచుతుంది.

సముద్రపు గాలిలో, ఎరువుల్లో, చలి దేశాల్లో రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పులో ఉండే క్లోరైడు అయాన్లు ఋణావేశం గలవి. లోహం కరిగి ధనావేశం గల రాగి అయాన్లు పుడుతున్నచోట ఆవేశాలు సరితూగడం కోసం ఈ అయాన్లు పెంకులోని పగుళ్ళ గుండా లోపలికి చొచ్చుకుపోయి, క్యూప్రైట్ పొరకు అడుగున, లోహాన్ని ఆనుకొని, నాంటొకైట్ అనే మైనం వంటి బూడిదతెలుపు రాగి క్లోరైడుగా పేరుకొంటాయి. మట్టిలో ఉన్నంతకాలం గాలి అంతగా తగలక ఇది నిద్రాణంగా ఉంటుంది. బిళ్ళను తవ్వి తీసి గాలిలో పెట్టినప్పుడు తేమా ప్రాణవాయువూ కలిసి నాంటొకైట్‌ను అటకమైట్, పారాటకమైట్ వంటి లేత ఆకుపచ్చని హైడ్రాక్సీ క్లోరైడులుగా మారుస్తాయి. ఆ చర్యలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం ఇంకా చెడని రాగిని తిని మళ్ళీ నాంటొకైట్‌ను తయారుచేస్తుంది. అది మళ్ళీ తేమతో కలుస్తుంది. ఈ చక్రంలో క్లోరైడు ఖర్చు కాదు, ఖర్చయ్యేది రాగి మాత్రమే, అసలు అలాగే ఉండి ఏటేటా వడ్డీ మాత్రం లాగే అప్పు లాంటిది ఇది. పైగా లోహంగా ఉన్నప్పుడు ఒక రాగి పరమాణువు ఆక్రమించిన చోటుకు దాదాపు నాలుగు రెట్లు చోటు ఈ ఆకుపచ్చని పొడిలో కావాలి గనుక, లోపల పుట్టిన పొడి పై పొరలను పొక్కులుగా లేపి, అక్షరాలతో సహా ఊడదీస్తుంది. దీనికే కంచు జబ్బు అని పేరు.

జబ్బు అన్న మాట వట్టి అలంకారంగా పుట్టలేదు. ఒక వస్తువు నుంచి పక్క వస్తువుకు వ్యాపిస్తున్నట్లు కనిపించడం వల్ల 19వ శతాబ్దం చివరిలో కొందరు దీనికి సూక్ష్మజీవులు కారణమని నమ్మారు. ఫ్రెంచి రసాయనవేత్త మార్సెలాన్ బెర్తెలో అదే కాలంలో ఇది క్లోరైడు నడిపే చక్రీయ చర్య అని వివరించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బాంబుల భయంతో భూగర్భ సొరంగాల్లో దాచిన బ్రిటిష్ మ్యూజియం వస్తువులు చెడిపోయి తిరిగి రావడంతో, అలెగ్జాండర్ స్కాట్ అనే రసాయనవేత్త ఆధ్వర్యాన 1920లో అక్కడ పరిశోధనశాల మొదలైంది. దక్షిణ భారతానికీ ఈ చరిత్రలో సొంత అధ్యాయం ఉంది: తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న 1930లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో రసాయన సంరక్షణ ప్రయోగశాల ఏర్పడడానికి ముఖ్య కారణం అక్కడి కంచు విగ్రహాలకు పట్టిన ఈ జబ్బే. రసాయనవేత్త ఎస్. పరమశివన్ అక్కడ విద్యుద్విశ్లేషణ పద్ధతిని ప్రయోగించారు; అందులో చిలుము పట్టిన వస్తువును క్షార ద్రావణంలో ఋణధ్రువంగా ఉంచి విద్యుత్తును పంపితే క్లోరైడు వస్తువును వదిలి బయటికి వస్తుంది, ఖనిజాల్లో కొంత భాగం తిరిగి లోహంగా మారుతుంది. లోపల దిట్టమైన లోహం మిగిలి ఉన్న విగ్రహానికి తగిన ఆ పద్ధతిని పలుచని బిళ్ళకు వర్తింపజేయడం మాత్రం తెలివైన పని కాదు, ఎందుకంటే లోహం మీద పుట్టే హైడ్రోజన్ బుడగలు పెంకును మూల ఉపరితలంతో సహా తోసేస్తాయి. బ్యాటరీ చార్జరు, ఒక చెంచా, ఉప్పునీళ్ళతో ఇదే పని ఇంట్లో చేసే అభిరుచిపరులు తమ సేకరణకు తామే శత్రువులు.

కాబట్టి పని ప్రారంభం శుభ్రం చేయడంతో కాదు, పరీక్షతో. బిళ్ళను అంచుల దగ్గరే, నైట్రైల్ చేతొడుగులతో పట్టుకోవాలి. చెమటలోని ఉప్పూ కొవ్వు ఆమ్లాలూ వేలిముద్రను లోహంలోకి చెక్కగలవు. గ్రాములో నూరో వంతు దాకా చూపే తక్కెడలో తూచి, ఒక పక్క నుంచి ఏటవాలుగా పడే వెలుతురులో రెండు ముఖాలనూ ఫొటో తీయాలి. ఆ వెలుతురులో మిగిలి ఉన్న ఎత్తుపల్లాల నీడలు పడి, మామూలు కంటికి ఆనని అక్షరం ఒకోసారి బయటపడుతుంది. తరువాత పది నుంచి నలభై రెట్లు పెద్దదిగా చూపే సూక్ష్మదర్శిని కింద పచ్చదనాన్ని రకాలుగా విడదీయాలి. ముదురుగా, నున్నగా, గోటికి లొంగకుండా ఉండే పచ్చదనం మాలకైట్ కావచ్చు; అది స్థిరమైనది, లోహానికి రక్షణ కూడా. లేత పచ్చగా, పిండిలాగా, చిన్న గుంటల్లోంచి పొంగుకొస్తూ, సూది తగిలితే రాలే మచ్చ అనుమానించదగినది. అనుమానం తీరాలంటే మూత బిగుతుగా ఉండే డబ్బాలో తడి దూదిని ఒక పక్కన, బిళ్ళను దానికి తగలకుండా మరో పక్కన ఒక రోజు ఉంచి చూడాలి. కొత్తగా లేత పచ్చని చుక్కలు మొలిస్తే జబ్బు నడుస్తున్నట్లే.

పైపెంకును తీయవలసివస్తే, అన్నిటికంటె నమ్మదగిన పనిముట్టు ఓపికతో నడిపే చెయ్యి. ముందు స్వేదనజలంలో, అంటే ఆవిరిగా మార్చి చల్లార్చిన శుద్ధ జలంలో, నానబెట్టి మట్టిని మెత్తబరచాలి. కుళాయి నీటిలో క్లోరిన్ శుద్ధి వల్ల మిగిలిన క్లోరైడు ఉంటుంది గనుక అది పనికిరాదు. ఆపైన వెదురు పుల్లలతో, ముళ్ళతో, అత్యవసరమైనచోట శస్త్రవైద్యులు వాడే సన్నని కత్తితో, సూక్ష్మదర్శినిలో చూస్తూ, కొనను లోహానికి సమాంతరంగా నడిపించి పెంకును పొరలుగా లేపాలి. ఇక్కడ చాలామంది ఊహించని చిక్కొకటి ఉంది: ఖనిజాల గట్టితనాన్ని కొలిచే మోస్ మాపకంలో మాలకైట్, క్యూప్రైట్ రెండూ 3.5 నుంచి 4 దాకా ఉండగా రాగి 2.5 నుంచి 3 దాకా మాత్రమే ఉంటుంది, అంటే తీయవలసిన పెంకు కాపాడవలసిన లోహం కంటె గట్టిది, పెంకును కోసే ఒత్తిడితో నడిచిన కొన లోహం మీదికి జారితే గీత పడక మానదు. ఇత్తడి తీగల బ్రష్షులూ, లోహపు పాలిష్ పేస్టులూ, టూత్‌పేస్టూ ఈ పనికి ఎందుకు తగవో దీన్నిబట్టే అర్థమవుతుంది. రంగు మారి మూల ఉపరితలం కనిపించేచోట ఆగిపోవాలి. అడుగున ఎరుపు కనబడగానే ఇంకొంచెం తీస్తే బాగుంటుందనిపించే క్షణమే చాలా బిళ్ళల పాలిట ప్రమాద క్షణం.

అభిరుచిపరుల్లో విస్తారంగా వాడుకలో ఉన్న ఆలివ్ నూనెలో నెలల తరబడి నానబెట్టే పద్ధతి నిదానమైనది గనుక నిరపాయమని చాలామంది అభిప్రాయం. అది సరికాదు. నూనెలో స్వేచ్ఛగా ఉండే కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి పచ్చని రాగి సబ్బులను ఏర్పరుస్తాయి, నూనె రంధ్రాల్లో నిలిచి తరువాత చేయవలసిన చికిత్సలకు అడ్డుపడుతుంది, క్లోరైడును మాత్రం అది తాకనైనా తాకదు.

క్లోరైడును బయటికి లాగడానికి అలెగ్జాండర్ స్కాట్ కాలం నుంచి పేరున్న ద్రావణం సోడియం సెస్క్వికార్బొనేట్, సులువుగా చెప్పాలంటే చాకలి సోడా, వంట సోడా కలిసిన లవణం. దీని 5 శాతం ద్రావణంలో బిళ్ళను ఉంచితే నాంటొకైట్ విడిపోయి క్యూప్రైట్‌గా మారుతుంది, విడుదలైన ఆమ్లాన్ని క్షారం తటస్థపరుస్తుంది, క్లోరైడు నీటిలోకి వస్తుంది. ద్రావణాన్ని తరచుగా మారుస్తూ, తీసిన ద్రావణంలో కొద్దిగా నైట్రిక్ ఆమ్లం కలిపి క్షారాన్ని తొలగించిన మీదట సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి, తెల్లని మసక పడుతోందా లేదా చూస్తూ ఉండాలి. మసక పడినంతకాలం క్లోరైడు వస్తున్నట్లు. దీనికి వారాలే కాదు, నెలలు పట్టవచ్చు. ఈ ద్రావణం నిర్దోషి కాదన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయం: అది నెమ్మదిగా నీలిరంగు తిరుగుతుంది, అంటే రాగి కూడా కరుగుతోందన్నమాట, దానితో బిళ్ళ సహజమైన పచ్చదనమూ కొంత పోతుంది, అంతకు ముందు లేని కొత్త కార్బొనేటులు పుట్టి దాని చరిత్రకు తప్పు సాక్ష్యం చెబుతాయి. ఈ కారణంగా చాలా సంగ్రహాలయాలు ఇప్పుడు దీన్ని చివరి మార్గంగానే చూస్తున్నాయి. మచ్చలు రెండు మూడే ఉన్నప్పుడు మొత్తం బిళ్ళను ముంచడం కంటె, మచ్చలోని పొడిని సూదితో తీయగలిగినంత తీసి, ఆ చోటుకు మాత్రమే చికిత్స చేయడం మేలు.

1967లో సంరక్షకుడు బ్రింక్ మాడ్సెన్ ప్రతిపాదించిన బెంజోట్రయజోల్ ఈ రంగాన్ని మార్చివేసిన రసాయనం. మూడు నైట్రోజన్ పరమాణువులు గల ఈ చిన్న అణువు రాగి అయాన్లతో గొలుసులుగా అల్లుకొని, లోహం మీదా ఖనిజం మీదా నీటికి కరగని పలుచని పొరగా ఏర్పడి, తేమా క్లోరైడూ రాగిని చేరకుండా అడ్డుకొంటుంది. దీన్ని ఆల్కహాలులో సుమారు 3 శాతంగా కరిగించి, కడిగి ఆరబెట్టిన బిళ్ళను అందులో ఒక రోజు ఉంచుతారు. వీలున్న ప్రయోగశాలల్లో గాలిని తోడేసిన పాత్రలో ఉంచడం వల్ల ద్రావణం పగుళ్ళ లోతుకు ఇంకుతుంది. తీసిన తరువాత ఉపరితలం మీద మిగిలిన తెల్లని స్ఫటికాలను ఆల్కహాలు తడిపిన దూదితో తుడిచివేయాలి. నాంటొకైట్ మందంగా ఉన్న గుంటల్లో ఈ పొర నిలవదు, అక్కడ ఏర్పడుతున్న ఆమ్లం దాన్ని దెబ్బతీస్తుంది. అందుచేత క్లోరైడును తగ్గించకుండా బెంజోట్రయజోల్‌ను పూయడం జబ్బు మీద దుప్పటి కప్పడమే. ఇది ఆరోగ్యానికి హాని చేయగల రసాయనం కూడా కాబట్టి చేతొడుగులు, గాలి బాగా ఆడే చోటు, పొడి పీల్చకుండా ముఖానికి తొడుగు తప్పనిసరి, వంటింటి బల్ల మీద చేసే పని కాదు.

ఆపైన వేసే పూత విషయంలో సంరక్షకుల ధర్మం ఒక్కటే: వేసినదాన్ని రేపు మరొకరు వస్తువుకు హాని లేకుండా తీయగలగాలి. పారలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ రెజిన్ అసిటోన్‌లో కరుగుతుంది, ఏళ్ళు గడిచినా పసుపు రంగు తిరగదు, అవసరమైతే మళ్ళీ అసిటోన్‌తోనే ఊడివస్తుంది. దాని మీద గాని, దాని బదులుగా గాని సూక్ష్మస్ఫటిక మైనాన్ని పలుచగా పూయవచ్చు. బజారులో దొరికే మెరుపు వార్నిషులు కొన్నేళ్ళకు ముదిరి, ఏ ద్రావకానికీ లొంగక, తీయబోతే పాటినాను, అంటే కాలం వేసిన ఆ రంగు పొరను, వెంట తీసుకుపోతాయి.

ఇన్ని రసాయనాల కంటె గట్టిగా జబ్బును ఆపేది పొడి గాలి అన్న సంగతిని డేవిడ్ స్కాట్ వంటి పరిశోధకుల పని నిరూపించింది. గాలి ఆ ఉష్ణోగ్రత వద్ద మోయగలిగిన గరిష్ఠ తేమలో ఎంత శాతం మోస్తున్నదో చెప్పే సాపేక్ష ఆర్ద్రత సుమారు 42 నుంచి 46 శాతానికి మించినప్పుడు నాంటొకైట్ చురుకవుతుంది. 35 శాతానికి దిగువన ఉంచితే దాదాపు నిద్రలోనే ఉండిపోతుంది. వాషింగ్టన్‌లోనో చికాగోలోనో చలికాలపు వెచ్చని గదిలో ఏళ్ళ తరబడి నిశ్చలంగా ఉన్న బిళ్ళను ఒక సేకర్త విశాఖపట్నానికో కాకినాడకో తెచ్చి బీరువాలో పెడితే, ఏడాదిలో ఎక్కువ రోజులు ఆర్ద్రత 60 శాతం దాటే ఆ తీరపు గాలిలో పాత మచ్చలు మళ్ళీ మొలవడంలో ఆశ్చర్యం లేదు. దీనికి మందు ఖరీదైనది కాదు. మూత గట్టిగా పట్టే పాలీప్రొపిలీన్ డబ్బా, అందులో తేమను పీల్చే సిలికాజెల్ సంచి, తేమ శాతాన్ని రంగుతో చూపే చిన్న కార్డు ఉంటే చాలు, కార్డు రంగు మారినప్పుడు సిలికాజెల్‌ను వేడిచేసి ఆరబెట్టి మళ్ళీ పెట్టుకోవచ్చు.

డబ్బా లోపలి సరుకు మీద కూడా శ్రద్ధ అవసరం. మెత్తని పీవీసీ జేబులున్న పాత నాణేల ఆల్బమ్‌లు కాలక్రమాన హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతూ, రాగి మీద జిగట పచ్చని పొరను పుట్టిస్తాయి; శుద్ధమైన అసిటోన్ ఆ జిగటను కరిగిస్తుంది గాని అప్పటికే లోహంలో పడిన మచ్చను మాపలేదు. ఓక్ చెక్క పెట్టెలు ఎసిటిక్ ఆమ్లపు ఆవిరిని, రబ్బరు బ్యాండ్లు, ఉన్ని బట్ట గంధకపు సమ్మేళనాలను విడుస్తాయి. ఆమ్లం లేని కాగితం, పాలియెస్టర్ జేబు, పాలిథీన్ నురుగు వీటికి తగిన ప్రత్యామ్నాయాలు. డబ్బాలోనే, బిళ్ళకు తగలకుండా, ఒక చీటీ ఉండాలి: బరువు, కొలతలు, ఎక్కడ దొరికింది, చికిత్సకు ముందూ తరువాతా తీసిన ఫొటోల సంఖ్య, ఏ తేదీన ఏ ద్రావణంలో ఎన్ని రోజులు ఉంచారు, ఏ పూత వేశారు, ఏది తీయకుండా వదిలేశారు. మొదటి ఏడాదిలో నెలకొకసారి, ఆపైన వానాకాలం దాటిన ప్రతిసారీ బిళ్ళను భూతద్దంలో చూసి, లేత పచ్చని చుక్క కనబడితే దాని స్థానాన్ని అదే చీటీలో గుర్తించి, తేమ పరీక్ష దగ్గర నుంచి పని మళ్ళీ మొదలుపెట్టాలి.